ఒక శుక్రవారం మ్యూజియానికి ఇద్దాం

దోహా ఎయిర్‌పోర్టులో కూర్చున్న పసుపుపచ్చని పెద్ద ఎలుగుబంటి మీకందరికీ తెలిసిందే. సెలవు మీద ఊరికి పోతూ దాని ముందు నిలబడి ఫొటో దిగని తెలుగువాడు మన మధ్య ఉంటాడనుకోము. ఆ ఫొటో ఊర్లో అందరికీ చూపించుకుంటాం. కానీ ఆ బొమ్మ ఎవరు చేశారు, అక్కడెందుకు పెట్టారు అని ఏ పిల్లవాడైనా అడిగితే మాత్రం మన దగ్గర జవాబు ఉండదు. ఉర్స్ ఫిషర్ అనే స్విట్జర్లాండ్ కళాకారుడు చేసిన శిల్పం అది. దాదాపు 7 మీటర్ల ఎత్తు. చూడటానికి మెత్తని గుడ్డబొమ్మలా ఉంటుంది గానీ కంచుతో పోతపోసింది. అంటే, మనకు తెలియకుండానే మనందరం ఒక పేరున్న కళాఖండం పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నామన్నమాట!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఈ ఊళ్లో మనం ఏళ్ల తరబడి ఉంటాం. క్యాంపు తెలుసు, సైటు తెలుసు, డబ్బు పంపే ఎక్స్ఛేంజి తెలుసు, బియ్యం చౌకగా దొరికే దుకాణం తెలుసు. ఊరు మాత్రం తెలియదు. ప్రపంచం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి వచ్చి చూసిపోయే మ్యూజియాలు మన గదికి గంట ప్రయాణంలో ఉన్నాయి. మనం అటు వెళ్లం. ‘అవి మనలాంటివాళ్లకు కావులే’ అని మనకు మనమే తీర్పు చెప్పేసుకున్నాం. ఆ తీర్పు తప్పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేము ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకే గదిలో ఉండే ఆరుగురం. ముగ్గురం జగిత్యాల వైపు వాళ్లం, నిర్మల్ తమ్ముడొకడు, సిరిసిల్ల అన్న ఒకరు, రాయచోటి బావ ఒకరు. మాలో తాపీ పనివాళ్లున్నారు, స్టీల్ ఫిక్సర్ ఉన్నాడు, కార్పెంటర్ ఉన్నాడు, డ్రైవరున్నాడు. చదువు పదో తరగతి దాటినవాళ్లం ఇద్దరమే. ఈ చలికాలంలో నాలుగు శుక్రవారాలు కేటాయించుకుని మ్యూజియాలు తిరిగొచ్చాం. ఈ ఆలోచన నిర్మల్ తమ్ముడిది. మొదట అందరం వాడిని ఎగతాళి చేసినవాళ్లమే.

గుమ్మం దగ్గరి భయం

నిజం చెప్పాలంటే డబ్బు కంటే, దూరం కంటే పెద్ద అడ్డంకి గుమ్మం. శుక్రవారం ‘ఫ్యామిలీ డే’ అని చెప్పి కొన్నేళ్ల క్రితం ఒక మాల్ దగ్గర మమ్మల్ని తిప్పి పంపించారు. అలాంటి అనుభవం ఒక్కసారి అయితే చాలు, మనిషి తర్వాత ఏ అద్దాల తలుపు దగ్గరికీ వెళ్లడు. ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం మెట్ల దాకా పోయి, చెప్పులు చూసుకుని, చొక్కా చూసుకుని, వెనక్కి పోదామా అన్నట్టు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తలుపు దగ్గరున్న సెక్యూరిటీ గార్డు నేపాల్ మనిషి. మా అవస్థ కనిపెట్టి, హిందీలో ‘ఐడీ చూపించండి, లోపలికి వెళ్లండి, అంతే’ అన్నాడు. ఖతార్ ఐడీ ఉన్నవాళ్లకు అక్కడి శాశ్వత ప్రదర్శనకు టిక్కెట్టు లేదు. నేషనల్ మ్యూజియంలోనూ అంతే. ఇన్నేళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న కార్డే టిక్కెట్టని మాకు ఆ రోజే తెలిసింది.

అసలు మ్యూజియం మనకు కొత్తా? మన పెద్దవాళ్లు హైదరాబాద్ పోయారంటే చార్మినార్, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగొచ్చేవాళ్లు కాదు. గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే దాకా, చంకలో పిల్లలతో, చేతిలో అటుకుల సంచితో ఎదురుచూసినవాళ్లు మన అమ్మానాన్నలే. మేలిముసుగు రెబెకా విగ్రహం చూసి, రాతిలో అంత పల్చని గుడ్డ ఎట్లా చెక్కాడో అని ఊర్లో పది రోజులు చెప్పుకున్నవాళ్లు కూడా వాళ్లే. వాళ్లకు లేని బెరుకు గల్ఫుకొచ్చిన మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

పనివాడి కన్ను

ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం 2008లో మొదలైంది. కట్టింది ఐ.ఎం. పేయ్ అనే చైనా మూలాలున్న అమెరికన్ ఆర్కిటెక్టు. అప్పటికి ఆయనకు 91 ఏళ్లు. పని ఒప్పుకున్నాక ఇస్లామిక్ దేశాలు తిరిగి, చివరికి కైరోలో ఇబ్న్ తులూన్ మసీదు లోపల వజూ కోసం కట్టిన చిన్న మండపం దగ్గర ఆయనకు తాను వెతుకుతున్నది దొరికిందట. చుట్టూ వేరే భవనాలు లేచి దీన్ని కప్పేయకూడదని, ఒడ్డు మీద కాకుండా సముద్రంలో ప్రత్యేకంగా దిబ్బ పోయించి దాని మీద కట్టించాడు.

లోపల 1400 ఏళ్ల సామాను ఉంది. స్పెయిన్ నుంచి మన దేశం దాకా అనేక ప్రాంతాలవి. షాజహాన్ కోసం 1631-32లో చేసిన జేడ్ రాతి తాయెత్తు ఒకటి అక్కడుంది. 1631 అంటే ముంతాజ్ చనిపోయిన సంవత్సరం. తాజ్‌మహల్ కట్టించిన చక్రవర్తి కూడా గుండె నిబ్బరానికి మెడలో తాయెత్తు కట్టుకున్నాడన్నమాట. మా రాయచోటి బావ తన మొలతాడుకున్న తాయెత్తు తడుముకుని నవ్వాడు.

అయితే మేము అద్దాల పెట్టెల ముందు నిలబడినంత సేపూ గోడల ముందూ నిలబడ్డాం. రాయి రాయికీ మధ్య సందు చూశాం. మూలలు చూశాం. తలెత్తి పైకప్పు చూశాం. మా తాపీ అన్న ఒక మూల దగ్గర అరచేయి ఆనించి, ‘ఇది తొందరలో చేసిన పని కాదు’ అన్నాడు. మా అభిప్రాయం ఏమిటంటే, ఇలాంటి భవనాన్ని పనివాడు చూసినట్టు టూరిస్టు చూడలేడు. షట్టరింగ్ కట్టినవాడికి, ఎండలో ఇనుము వంచినవాడికి ఆ గోడ వెనకాల ఎంత చెమట ఉందో తెలుస్తుంది. చదువు లేదు కాబట్టి మనకు అర్థం కాదనుకోవడం ఒట్టి భ్రమ.

నేషనల్ మ్యూజియంలో ఈ మాట మాకు ఇంకా గట్టిగా అనిపించింది. జాన్ నువెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు ఎడారిలో దొరికే ఇసుకరాయి పువ్వు ఆకారంలో దాన్ని గీశాడు. 2019లో తెరిచారు. పెద్ద పెద్ద పళ్లేలు ఒకదానిలో ఒకటి గుచ్చినట్టు 539 వంపు పలకలు. ఏ రెండు గోడలూ నిట్టనిలువుగా కలవవు. గీసినాయన పేరు ప్రపంచమంతా చెబుతుంది, చెప్పాలి కూడా. ఎక్కించినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారేమోనని మేము వెతికాం. మాకు కనిపించలేదు. ఇది ఒక్క ఈ భవనం మీద ఫిర్యాదు కాదు, లోకంలో ఏ గొప్ప కట్టడానికైనా ఇదే కథ. కానీ ఒక మూల చిన్న పలక మీదయినా ‘ఈ ఈ దేశాల పనివాళ్లు కట్టారు’ అని రాస్తే ఎవరి సొమ్మూ పోదు. మన పిల్లలు రేపు వచ్చి చూసుకుంటారు.

ముత్యం వెనక అప్పు

నేషనల్ మ్యూజియంలో మమ్మల్ని కదలనీయకుండా నిలబెట్టింది ముత్యాల గది. బరోడా మహారాజు ఖండేరావ్ గైక్వాడ్ 1865 ప్రాంతంలో చేయించిన ముత్యాల తివాచీ అక్కడుంది. దాదాపు 15 లక్షల ముత్యాలు కుట్టారు. అవన్నీ ఈ గల్ఫ్ నీళ్లలో దొరికినవే. ముత్యం ఇక్కడి నుంచి మన దేశానికి పోయింది, మన దేశంలో తివాచీ అయింది, తిరిగి ఇక్కడికే చేరింది.

తివాచీ కంటే మమ్మల్ని ఎక్కువ కట్టిపడేసింది ముత్యాలు తీసినవాళ్ల బతుకు. చమురు రాకముందు ఈ ఊరివాళ్లకు అదే జీవనాధారం. ఎండాకాలం నాలుగు నెలలు పడవల మీదే. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునగడం, ఊపిరి అందని సమయానికి పైనున్నవాడు తాడు లాగడం. తాడు లాగేవాడి మీద ప్రాణం పెట్టుకుని దిగాలి. బయల్దేరే ముందు నొఖదా, అంటే పడవ నాయకుడు, ఇంటి ఖర్చులకు అడ్వాన్సు ఇస్తాడు. సీజను బాగుంటే తీరుతుంది, లేకపోతే పై ఏటికి పోతుంది. అప్పు ఉన్నంత కాలం అదే పడవ, అదే నాయకుడు.

ఇది చదివి చెప్పుకున్నాక మేము కొంచెం సేపు మాట్లాడలేదు. పాలమూరు కూలీకి గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఇదే కదా? వీసా కోసం మనం ఊర్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇదే కదా? మా జగిత్యాల పెద్దన్న మొదటిసారి వచ్చినప్పుడు రెండేళ్ల జీతం వడ్డీకే పోయింది. ‘వీళ్ల తాతలు గూడ మనలెక్కనే అప్పుల పడి మునిగిన్రా!’ అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లూ ఈ దేశంవాళ్లంటే పుట్టుకతోనే కార్లలో తిరిగినవాళ్లని అనుకునేవాళ్లం. జపాన్‌వాళ్ల పెంపుడు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి 1930లలో ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాక ఈ తీరం తిండికి కూడా ఇబ్బంది పడిందని తెలిశాక, ఎదుటి మనిషిని చూసే చూపు కొంత మారింది. ఒక మ్యూజియం చేయగలిగిన మేలు ఇంతకంటే ఏముంటుంది?

నాలుగు పాత ఇళ్లు

మూడో శుక్రవారం మషీరిబ్ వెళ్లాం. మెట్రో లైన్లన్నీ కలిసే స్టేషనే అది. బయటికి వస్తే దగ్గర్లోనే నాలుగు పాత ఇళ్లను 2015లో మ్యూజియాలుగా మార్చారు. వాటిలో రెండింటి గురించి చెప్పాలి.

ఒకటి బిన్ జల్మూద్ హౌస్. ఒకప్పుడు బానిసల వ్యాపారం చేసినవాడి ఇల్లు. ఇప్పుడు అదే ఇంట్లో బానిసత్వం కథ చెబుతున్నారు. తూర్పు ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి ముత్యాల పడవల మీద, ఖర్జూరం తోటల్లో, ఇళ్లలో ఎలా పని చేయించారో దాచకుండా పెట్టారు. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. అంటే మన నాన్నల కాలంలోనే. అక్కడితో ఆపకుండా, ఈ కాలంలో మనుషుల్ని మోసగించి తరలించడం, బలవంతపు చాకిరీ గురించి కూడా చెప్పారు. తమ ఇంటి మచ్చను తామే గోడ మీద రాసుకోవడానికి ధైర్యం కావాలి. ఆ మాట ఒప్పుకోవాలి. మన ఊళ్ల గడీల్లో సాగిన వెట్టి గురించి, ఏ గడీలోనైనా ఇలాంటి గది ఒకటి ఉందా అని సిరిసిల్ల అన్న అడిగాడు. మాకు తెలిసినంతలో మేము చూడలేదు.

రెండోది కంపెనీ హౌస్. ఇక్కడి మొదటి చమురు కంపెనీ కార్యాలయం నడిచిన ఇల్లు. దుఖాన్‌లో 1939-40లో చమురు పడింది, యుద్ధం వల్ల బావులు మూసేశారు, ఎగుమతి 1949 చివరికి గానీ మొదలుకాలేదు. ఆ మ్యూజియంలో షేకులు, ఇంజనీర్లు కాదు ముఖ్యులు. ముత్యాల పడవలు దిగి పైపులు మోయడానికి పోయిన మామూలు కూలీలు. ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎంత దూరం నడిచారు, ఇవన్నీ వాళ్ల జ్ఞాపకాలుగా దాచిపెట్టారు. కూలివాడి మాట కూడా మ్యూజియంలో పెట్టదగ్గదేనని మాకు ఆ ఇంట్లో అర్థమైంది.

హోర్డింగులు గీసిన హుస్సేన్

చివరి శుక్రవారం ఎడ్యుకేషన్ సిటీకి. మన దేశపు చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ పేరు మీద 2025 నవంబరులో అక్కడ ‘లౌహ్ వ కలమ్’ అనే మ్యూజియం తెరిచారు. ఆయన స్వయంగా గీసిపెట్టిన బొమ్మను బట్టే భవనం కట్టారు. హుస్సేన్ కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్న మనిషి. హైదరాబాద్‌తో ఆయనకు గట్టి అనుబంధం. బంజారాహిల్స్‌లో ‘సినిమా ఘర్’ పెట్టింది ఆయనే. ‘మీనాక్షి’ సినిమాలో చెప్పిన మూడు నగరాల్లో ఒకటి హైదరాబాదే. ఆయన బొమ్మల మీద మన దేశంలో వచ్చిన గొడవ అందరికీ తెలిసిందే. ఆ చర్చలో ఎవరి అభిప్రాయం వారిది, దాన్ని ఇక్కడ తెరవడం మా ఉద్దేశం కాదు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకుని, 2011లో లండన్‌లో కన్నుమూశారు. చివరి ఏళ్లు పరాయి నేల మీద పని చేసుకుంటూ గడిపిన మనిషి, ఆ సంగతి మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అన్నీ అర్థమయ్యాయని గొప్పలు చెప్పం. అదే ఎడ్యుకేషన్ సిటీలో పాత బడి భవనంలో 2010లో పెట్టిన మథఫ్ అనే అరబ్ ఆధునిక చిత్రకళా మ్యూజియం ఉంది. అక్కడ కొన్ని బొమ్మల ముందు తల అటూ ఇటూ తిప్పి చూసినా మాకు తల, తోక తెలియలేదు. తెలియకపోతే తప్పేమీ లేదు. నచ్చిన దాని ముందు ఆగాం, నచ్చని దాన్ని దాటేశాం. ఎవరూ పరీక్ష పెట్టరు కదా! క్రికెట్, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న తమ్ముళ్లు ఖలీఫా స్టేడియం దగ్గర 2022లో తెరిచిన 3-2-1 ఒలింపిక్, స్పోర్ట్స్ మ్యూజియంతో మొదలుపెట్టినా బాగుంటుంది. 1936 నుంచి ఒలింపిక్ జ్యోతి మోసిన కాగడాలు వరుసగా పెట్టారు.

‘ఉన్నది ఒక్క రోజు’

మిత్రులు అనేది మాకు తెలుసు. వారమంతా గొడ్డుచాకిరీ, ఉన్నది ఒక్క శుక్రవారం. బట్టలుతకాలి, వారానికి సరిపడా కూర వండుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి, కాస్త కన్ను మూయాలి. మ్యూజియం చూస్తే కడుపు నిండుతుందా? నిండదు. ప్రతివారం వెళ్లమనడం లేదు. నెలకో రెండు నెలలకో ఒక్క మధ్యాహ్నం అడుగుతున్నాం. ఎలాగూ శుక్రవారం నమాజు అయ్యాక మధ్యాహ్నమే ఇవి తెరుస్తారు కాబట్టి పొద్దుటి నిద్ర ఎక్కడికీ పోదు. మెట్రో టిక్కెట్టు 2 రియాళ్లు, రోజంతా తిరిగినా 6 రియాళ్లకు మించదు. వేళలు పండుగలకీ రంజాన్‌కీ మారుతుంటాయి గనుక బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

మన సంఘాలవాళ్లకు ఒక విన్నపం. ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి హాలు తీసుకుని, ఆర్టిస్టుల్ని రప్పించి ఘనంగా చేస్తున్నారు, సంతోషం. ఏడాదిలో రెండుసార్లు ఒక బస్సు మాట్లాడి క్యాంపుల నుంచి నలభై మందిని మ్యూజియానికి తీసుకుపోండి. ఇంగ్లీషు, అరబిక్ చదవగలిగినవాళ్లు ఒకరిద్దరు వెంట ఉండి తెలుగులో చెబితే చాలు. హాలు అద్దెలో పదోవంతు కూడా అవదు.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్ల సంగతి మరీ వేరు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని ఇక్కడి 2017 చట్టంలోనే ఉంది. ఆ సెలవు అందరికీ దక్కడం లేదని మనకు తెలుసు. గుమ్మం దాటనివ్వని చోట మ్యూజియం మాట ఎత్తితే వెక్కిరింతలా ఉంటుంది. ముందు ఆ రోజు వాళ్లకు దక్కేలా మన సంఘాలు, ఎంబసీ గట్టిగా అడగాలి. సెలవు దొరికిన అక్కలను మన బస్సులో మొదటి వరుసలో కూర్చోబెట్టాలి.

ఇక మన సొంత సంగతి. గల్ఫుకు మనవాళ్లు రావడం మొదలై యాభై ఏళ్లు దాటుతోంది. ఊరికో కథ, ఇంటికో కథ. ఆ కథ చెప్పే గది ఒక్కటి మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా? మేమైతే చూడలేదు. ప్రభుత్వాలు కట్టేదాకా ఆగక్కర్లేదు. ముందు మన దగ్గరున్నవి పారేయకుండా ఉంటే చాలు. మొదటి పాస్‌పోర్టు, ఏజెంటు రాసిచ్చిన కాగితం, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, సైటులో దిగిన ఫొటోలు. ఫొటో వెనకాల పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టండి. ఫోన్‌లో ఉన్నవాటిని వేరే చోట భద్రం చేయండి. ముత్యాల కూలీ ముక్కు క్లిప్పు ఈ రోజు అద్దాల పెట్టెలో ఉంది. దాన్ని ఆ రోజు ఎవరో పారేయకుండా దాచబట్టే కదా!

మా జగిత్యాల పెద్దన్న ఈ ఎండాకాలం ఇంటికి ఫైనల్‌గా పోతున్నాడు. 1990లలో ఆయన ఇక్కడి నుంచి టేప్‌రికార్డరులో మాట్లాడి క్యాసెట్లు పంపేవాడు, వాళ్లమ్మ అటు నుంచి మాట్లాడి పంపేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. క్యాసెట్లు రేకుపెట్టెలో ఉన్నాయి, పాత సామానని కొడుకు తీసేద్దామనుకుంటున్నాడట. కంపెనీ హౌస్ చూసి వచ్చిన రాత్రే ఆయన ఇంటికి ఫోన్ చేసి, పెట్టె ముట్టుకోవద్దని చెప్పాడు.